సిరాందాలో ఒక ఉయ్యాలో

బతుకమ్మ పాటలో ప్రతి పాదం చివరా వచ్చే ‘ఉయ్యాలో’ అనే మాటకు అర్థం ఏమిటని పెళ్లయిన కొత్తలో మా ఆవిడను అడిగాను. కందిపప్పులో రాళ్లు ఏరుతోంది అప్పుడు. చేట పక్కన పెట్టకుండానే నా వైపు చూసింది.

“ఉయ్యాలో అంటే ఉయ్యాలోనే. అర్థం ఏందంటరేంది?”

“ఆ పాటలో కథ వేరు. ఎక్కడా ఊయల లేదు కదా.”

“మీరు పుస్తకాలు మస్తు చదివిండ్రు గానీ పాట పాడలే. ముందర పాడేటామె దమ్ము తీసుకోవాలె గదా? మేం ఉయ్యాలో అనేలోపట ఆమె దమ్ము తీసుకుంటది, తర్వాతి ముక్క యాద్ చేసుకుంటది. మేం అనకపోతే పాట గాడ్నే ఆగిపోతది.”

నాకు నమ్మకం కలగలేదు. పనిలేని మాట కనబడితే కొట్టేయాలనిపించే స్వభావం నాది. ఇప్పటికీ పుస్తకం చదువుతూ పెన్సిలు పట్టుకుంటాను, ఎక్కువైన విశేషణం కింద చిన్న గీత పెడతాను. ఉయ్యాలో కింద కూడా మనసులో అలాంటి గీతే పెట్టుకున్నాను.

మా నాన్న తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి కిషన్‌బాగ్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మా ఇంట్లో బతుకమ్మ లేదు. మా ఆవిడ వాళ్లది రెండు వీధుల అవతల. వాళ్ల నాన్న బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కు, అమ్మ ఆ బస్తీలో బతుకమ్మ పాటలు ముందుండి పాడే మనిషి. ఆవిడ తర్వాత ఆ చోటు మా ఆవిడకు వచ్చింది. ప్రభుత్వ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేది. పాటలు మాత్రం వాళ్లమ్మ దగ్గర విన్నవే, ఎక్కడా రాసుకోలేదు. మా ఇంట్లో భాష రెండు రకాలుగా ఉండేది. నేను “వచ్చాను” అంటే తను “వచ్చిన” అనేది. పెళ్లయి ఎన్నేళ్లయినా ఇద్దరిలో ఎవరమూ మారలేదు.

ఒక ఏడాది బతుకమ్మ రోజుల్లో బ్రెజిల్ నుంచి జానపద నాట్యాలు చదువుకునే ఒకామె ఈ ఊరికి వచ్చింది. ఎవరో తీసుకొస్తే మా బస్తీ మైదానానికి వచ్చి, ఆడవాళ్లు గుండ్రంగా తిరగడం చూసి, తమ దేశంలో ఈశాన్యపు సముద్ర తీరాన చేపలు పట్టేవాళ్ల ఊళ్లలో కూడా ఆడవాళ్లు ఇలాగే వలయం కట్టి తిరుగుతారనీ, ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకుంటారనీ చెప్పింది. ఆ పాటను, ఆ ఆటను సిరాందా అంటారట. ఆ మాటలు అక్కడితో పోలేదు. ఆమె ప్రయత్నం వల్ల ఏడాది తిరిగేసరికి ముగ్గురికి పిలుపు వచ్చింది: వెళ్లి, ఆ ఊళ్లో కొన్నాళ్లు ఉండి, పాటలు నేర్చుకుని, రికార్డు చేసుకుని రావాలి.

ఆ ముగ్గురిలో ఒకరు మా ఆవిడ. రెండోవాడు మర్ఫా వాయించేవాడు. పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో మోగే డోళ్ల మేళం అది. పగలు లాడ్ బజార్‌లో వాళ్ల తాతల నాటి లక్కగాజుల దుకాణంలో కూర్చుంటాడు, పెళ్లిళ్ల కాలంలో డోలు మెడకు తగిలించుకుంటాడు. మా ఆవిడ గాజులు కొనేది అక్కడే. తనను అక్కా అనేవాడు, ఆ లెక్కన నేను బావనయ్యాను. మూడో ఆయన రికార్డింగ్ చేసేవాడు. మా వైపు మనిషే, గుంటూరు నుంచి వచ్చి సొంత స్టూడియో పెట్టుకున్నాడు. ఎక్కువ మాట్లాడడు, చెవితో బతికే మనిషి.

వెళ్లేముందే చిన్న లొల్లి అయింది. మా ఆవిడ చేతినిండా మట్టిగాజులు వేసుకునేది. రికార్డింగ్ ఆయన మర్యాదగానే అడిగాడు, “మేడమ్, మైకు ముందు చప్పట్లు కొట్టినప్పుడు గాజులు గలగలమంటాయి. అక్కడ ఉన్నన్ని రోజులూ తీసేస్తే బాగుంటుంది” అని.

“మా ఆయన బతికే ఉన్నడు గదా!” అంది తను. ఆయన ముఖం ఎర్రబడింది.

గాజుల దుకాణం తమ్ముడు మధ్యలో వచ్చాడు. “ఫికర్ నక్కో అన్నా. గాజులు తీసుడు లేదు, తుడిచే గుడ్డ చుట్టుడు ఉంది. మా దుకాన్ల డబ్బాలు గిట్లనే కడతం, ఒక్కటి కూడా పలకదు.” జేబురుమాలు తీసి తన మణికట్టు చుట్టూ ఎలా చుట్టాలో చూపించాడు. మా ఆవిడ అలాంటి రుమాళ్లు రెండు పెట్టెలో పెట్టుకుంది.

నేను వెళ్లలేదు. కాబట్టి అక్కడి సంగతులు నాకు తెలిసింది ఫోన్లోనూ, తిరిగొచ్చాక వంటింట్లోనూ. ఫోన్లో మా ఆవిడ చెప్పింది చాలావరకు తిండి గురించి. చేపలూ, కర్రపెండలం పిండీ. ఆట గురించి ఒక్క మాటలో తేల్చేసింది: “వాళ్లు చేతులు పట్టుకుంటరు, మనం చప్పట్లు కొడుతం. గంతే ఫరక్. ఎడమ కాలు ముందలికి వేస్తరు, మళ్ల ఎన్కకు. అల వచ్చి పోయినట్టు.” మోకాళ్ల నొప్పి సంగతి అడిగితే, ఇసుకలో తెలియడం లేదంది.

తమ్ముడు కూడా ఫోన్ లాక్కుని మాట్లాడేవాడు. అక్కడి పెద్ద డోలు నేర్చుకుంటున్నాడు. “బావా, వీళ్ల దెబ్బ లేటుగ పడ్తది. మన మర్ఫా ఉరుకుతది చూడు, పెళ్లికొడుకు పారిపోతుంటే పట్టుకునేటట్టు. వీళ్లది గట్ల కాదు. కూసుండి, చాయ్ తాగి, అప్పుడు కొడతరు. నా చెయ్యి ఆగుత లేదు.”

వాళ్లు నేర్చుకున్నది ఒక ముసలామె దగ్గర. ఎనభై ఏళ్లు ఉంటాయేమో. భర్త, కొడుకులు సముద్రం మీద బతికినవాళ్లు. ఆమెకు ఇంగ్లీషు వచ్చిన మనవరాలు ఉంది, మాటలన్నీ ఆ అమ్మాయి ద్వారానే. తిరిగొచ్చే ముందు తమ్ముడు ఆ ముసలామెకు లక్కగాజులు ఇచ్చాడు. కొలత తీసుకోలేదు. మొదటిరోజు చెయ్యి చూసి మనసులో పెట్టుకుని, ఇక్కడి దుకాణం నుంచి తెచ్చిన పెట్టెలోంచి సరిపోయే జత తీశాడట.

మా ఆవిడ తిరిగొచ్చిన మరుసటి రోజు గోరుచిక్కుడుకాయలు తుంచుతూ ఆ ఒక్క పాట సంగతి చెప్పింది. చెబుతూ నవ్వింది, సిగ్గుపడింది కూడా.

ఆ పాట ముసలామెకు వాళ్లమ్మ నుంచి వచ్చింది. ఊళ్లో ఇంకెవరికీ రాదు. మిగతా పాటలకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి అందుకున్నారు గానీ, ఈ పాటకు జవాబు చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకని రికార్డింగ్ ఆయన, ఈ ఒక్కటీ శుభ్రంగా ఆమె గొంతు ఒక్కటే రావాలని, కిటికీలు మూయించి, చుట్టుపక్కల వాళ్లను చప్పుడు చేయొద్దని కోరాడు. ముగ్గురూ నేలమీద కూర్చున్నారు.

“మనకు చిన్నప్పటి సంది ఏం నేర్పిండ్రు? పెద్దోళ్లు పాడుతుంటే నడుమ నోరెత్తొద్దని. మేం బొమ్మల లెక్క కూసున్నం. ఆమె ఒక ముక్క పాడింది, ఆగింది. మా దిక్కు చూసింది. మేం ఇంకింత కదలకుండ కూసున్నం, భక్తితోని! మళ్ల పాడింది, మళ్ల ఆగింది. దగ్గొచ్చింది. ఎట్లనో కిందమీద పడి చివరిదాక పాడింది. మా ఆయనేమో బాగ రాలేదని ఇంకోసారి పాడమన్నడు.”

“మీ ఆయనేంటి?”

“రికార్డింగ్ ఆయన! మీరు గూడ… ఇంకోసారి మొదలుపెట్టింది. మొదటి ముక్క కాంగనే ఆమె మొకం చూసిన. మా అమ్మ మొకమే. ఆఖరి ఏడాది బతుకమ్మల మా అమ్మకు దమ్ము చాలక గట్లనే చూస్తుండె మా దిక్కు. నా నోట్లకెల్లి ఉయ్యాలో అని వచ్చేసింది.”

“పోర్చుగీసు పాటలోనా?”

“ఆ, పోర్చుగీసు పాటల్నే. ఇగ ఆగలే. ప్రతి ముక్కకూ అన్న. పాటంత అయిపోయేదాక అన్న.”

“ఆవిడేమంది?”

“ఏమంటది? దమ్ము తీసుకుంది. పాడింది.” కాసేపు చిక్కుడుకాయలు తుంచింది. “అయిపోయినంక నవ్వి, దానికి అర్థం ఏందని అడిగింది. మీరు అడిగిందే అడిగింది. గట్టిగ ఊపిరి పీల్చి చూపించిన.”

రికార్డింగ్ ఆయన మూడోసారి పాడమని అడగబోతే ముసలామె లేచి వెళ్లిపోయిందట, పాట అయిపోయిందని. మర్నాడు వీళ్లు బయల్దేరారు.

ఆ తర్వాతి వానాకాలంలో మా ఆవిడ చనిపోయింది. గుండె. బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నీళ్లు అడిగింది. నేను గ్లాసుతో వచ్చేసరికి గోడకు ఆనుకుని ఉంది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

సంతాపసభ పెట్టారు. చాలా పెద్ద మాటలు మాట్లాడారు. గానకోకిల అన్నారు, దివికేగిందన్నారు, సముద్రాలు దాటిన మన సంస్కృతి అన్నారు. అందరూ మంచి మనసుతోనే అన్నారు. నేను ముందు వరుసలో కూర్చుని, తను ఉంటే ఎవరి మాటకు నా మోచేతి మీద పొడిచేదో లెక్కపెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక, తన గురించి నిజమైన మాట ఒక్కటీ ఎవరూ అనలేదనిపించింది. నేను కూడా అనలేదు.

కొన్ని నెలల తర్వాత రికార్డింగ్ ఆయన మా ఇంటికి వచ్చాడు. ఆ పాటల ఆల్బమ్ తయారవుతోంది. అన్నీ కుదిరాయి, ఆ ఒక్క పాట దగ్గర ఆగాడు. హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు.

మొదటిది ముసలామె ఒంటరిగా పాడింది. దగ్గులూ, మధ్యలో ఆగిన ఖాళీలూ కంప్యూటర్లో తీసేశాడు. శుభ్రంగా ఉంది. లోపం చెప్పడానికి ఏమీ లేదు. రెండోది పెట్టాడు. ముసలామె ఒక పాదం పాడింది. వెంటనే మా ఆవిడ గొంతు.

చెవుల్లో అంత దగ్గరగా విని చాలా కాలమైంది. గుడ్డలో చుట్టిన గాజుల మెత్తటి చప్పుడు కూడా ఉంది, తెలిసినవాళ్లకు మాత్రమే తెలిసేంత. పాట అయ్యేదాకా ఆయన నా ముఖం చూడకుండా కిటికీ వైపు చూశాడు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞత ఉంది.

“సార్, ఇందులో మేడమ్ గొంతు ఉంది. అది నాకు తెలియక కాదు,” అన్నాడు. “కానీ ఇది వాళ్ల పాట. ఆవిడకు ఒక్కరికే వచ్చిన పాట. మనం నేర్చుకోవడానికి వెళ్లాం. అందులో మన మాట దూర్చి తెచ్చామంటే, రేపు ఆ ఊరివాళ్లు ఏమనుకుంటారు? ఒకరి ఇంటికి భోజనానికి వెళ్లి గోడమీద మన పేరు రాసి వచ్చినట్టు ఉండదా? మీరు ఉంచమంటే ఉంచుతాను. మీ మాట కాదనలేను.”

ఉంచమని అనాలని ఉంది. అంత గట్టిగా ఉంది కాబట్టే అనుమానం వచ్చింది. వేరే ఎవరి భార్య గొంతయినా అయితే నేను ఏం చెప్పేవాణ్ణి? ఎక్కువైన మాట, తీసేయండి అనేవాణ్ణి. ఆయన వాదనలో తప్పు దొరకలేదు. దుఃఖంలో ఉన్నవాడికి మాత్రం వేరే న్యాయం ఎందుకుండాలి?

“మొదటిదే పెట్టండి,” అన్నాను.

ఆయన తలూపాడు. గెలిచినవాడిలా లేడు. చాయ్ ఇస్తే సగం తాగి వెళ్లాడు. నేను ఆ తర్వాత రెండు రోజులూ పుస్తకం తెరిచి ఒకే పేజీ చదివాను.

మూడో రోజు సాయంత్రం గాజుల దుకాణం తమ్ముడు తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చాడు.

“ఏంది బావా, అక్కను కట్ చేయమన్నవంట?”

“ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. అది ఆవిడ పాట…”

“ఆఁ. ఆమె పాట. మరి ఆమెను అడిగిండ్రా?”

నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను.

“ఆయన నిన్ను అడిగిండు. నువ్వు నీ పుస్తకాలను అడిగినవ్. మీ ఇద్దరిల పాట ఎవనిది? పెళ్లిల బారాత్ ఎటు పోవాలెనో డోలు కొట్టేటోడు చెప్తడా? పెళ్లోళ్లను అడుగుతం. గింత చదువుకున్నోళ్లు, గా మాత్రం తెల్వదా?” అని కోపంగా కుర్చీలో కూర్చున్నాడు. వెంటనే లేచి నిలబడ్డాడు. అది మా ఆవిడ కుర్చీ.

“కూర్చో,” అన్నాను.

“నక్కో. నిలబడే చెప్తా. ఆమె వద్దంటే వద్దు. నేను ఒక్క మాట అననింక. గానీ అడగాలె.”

అతను చెప్పింది నిజం. మేమిద్దరం ఆమె తరఫున ఆలోచించాం గానీ, ఆమెను ఆలోచించనివ్వలేదు. రికార్డింగ్ ఆయనకు ఫోన్ చేశాను. “అవును సార్, అడగాల్సింది,” అన్నాడు. అప్పటినుంచి నాకు కొత్త భయం పట్టుకుంది. నేను వద్దంటే అది నా నిర్ణయం. ఆమె వద్దంటే, ఆ ఇంట్లో మా ఆవిడ చేసింది పొరపాటేనని తేలిపోతుంది.

మర్నాడు సాయంత్రం లాడ్ బజార్ దుకాణం పై గదిలో కూర్చున్నాం. ఇక్కడ సాయంత్రమైతే అక్కడ పొద్దున. కింద బేరాలు నడుస్తున్నాయి, బయట స్కూటర్లు హారన్ కొడుతున్నాయి. రికార్డింగ్ ఆయన ఆ చప్పుడుకు రెండుసార్లు ముఖం చిట్లించాడు. “స్టూడియో కాదన్నా, బజార్,” అన్నాడు తమ్ముడు, ఫోన్‌ను గాజుల డబ్బాకు ఆనించి నిలబెడుతూ.

తెరమీద ముందు మనవరాలు, తర్వాత ముసలామె కనబడ్డారు. తమ్ముణ్ణి చూసి ఆమె చెయ్యెత్తింది. లక్కగాజులు. అతను గర్వంగా నా వైపు చూశాడు. ఆమె ఏదో అడుగుతూ తెర అంచుల్లో వెతికింది. ఇంకెవరైనా ఉన్నారేమోనని.

“మీ అక్క ఏదని అడుగుతోంది,” అంది మనవరాలు ఇంగ్లీషులో.

అప్పటిదాకా వాళ్లకు ఎవరూ చెప్పలేదని మాకు అప్పుడే తట్టింది. తమ్ముడు తల దించుకున్నాడు. “నువ్వే చెప్పు బావా. నాతోని కాదు.”

నేను ఆమె భర్తనని చెప్పాను. చనిపోయిందని చెప్పాను. ఇంగ్లీషులో దానికి మెత్తటి మాటలు ఉన్నాయి, వాడలేదు. మనవరాలు తన భాషలో చెప్పడానికి కాస్త ఆలస్యం చేసింది. ముసలామె విని, నా ముఖం చూసింది. గాజులను మోచేతి దాకా పైకి తోసుకుంది, మళ్లీ కిందికి జారనిచ్చింది. వంట చేస్తూ పాడేదా అని అడిగింది. పాడేదన్నాను. నాకు నచ్చేదా అని అడిగింది. నచ్చేదన్నాను. ఆ ప్రశ్న మా ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

రికార్డింగ్ ఆయన జాగ్రత్తగా, ఒక్కో మాటా కూడదీసుకుంటూ సంగతి వివరించాడు. రెండు పాటలూ వినిపించాడు. మొదటిది సగంలోనే ముసలామె చెయ్యి ఊపేసింది. మనవరాలు చెప్పాలా వద్దా అన్నట్టు నవ్వింది.

“ఇందులో నేను ఎవరికి పాడుతున్నాను అంటోంది. ఖాళీ ఇంట్లో తనలో తను మాట్లాడుకునే ముసలిదానిలా ఉన్నానంటోంది.”

రెండోది చివరిదాకా కదలకుండా విని, ఇదే అన్నట్టు తలూపింది. కింద ఎవరో ‘డజన్ ఎట్ల?’ అని అరుస్తున్నారు.

“కానీ అది మీ మాట కాదు కదా,” అన్నాడు రికార్డింగ్ ఆయన. నిజాయితీపరుడు, తన ప్రశ్న వదలలేదు. “మీ ఊరివాళ్లు తప్పుపట్టరా? అసలు జవాబు వేరే ఏదో ఉంటుంది కదా?”

ముసలామె చాలాసేపు చెప్పింది. మనవరాలు కొంచెమే చెప్పింది. “అసలు జవాబు వేరే ఉందట. అది చెప్పేవాళ్లు సమాధుల్లో ఉన్నారట. వాళ్లు లేచి వచ్చి తప్పుపడితే సంతోషమే, కూర్చోబెట్టి పాడిస్తుందట. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లలో జవాబు చెప్పింది ఒక్కామె. ఏ మాటతో చెప్పిందన్నది తర్వాతి సంగతి అంటోంది. అయితే ఆ మాట మాది కాదని, అది ఎవరి మాటో, ఏ ఊరిదో రాయాలట. ఉన్నది ఉన్నట్టు.”

రికార్డింగ్ ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. “రాస్తాను. అలా రాస్తే ఇంక ఏ ఇబ్బందీ లేదు,” అని నా వైపు తిరిగి, “సార్, ఇది నాకు ముందే తట్టాల్సింది,” అన్నాడు. నాకూ తట్టలేదని చెప్పాను.

ఇక ఫోన్ పెట్టేద్దామనుకుంటుండగా ముసలామె పాట మొదలుపెట్టింది. అదే పాట. గొంతు రికార్డులో కంటే సన్నబడింది. ఒక పాదం పాడి, ఆగి, తెరలోంచి చూసింది.

మేం ముగ్గురం భక్తిగా కూర్చున్నాం.

తమ్ముడు మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచాడు. “బావా! అను!”

జీవితంలో ఆ మాటను నేను పాటగా ఎప్పుడూ అనలేదు. మైదానం అంచున, మగవాళ్లు చెప్పులకు కాపలా నిలబడే చోట నిలబడి విన్నవాణ్ణే. “ఉయ్యాలో,” అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది, శ్రుతి కూడా కలవలేదు.

ముసలామె ఏదో అంది. మనవరాలు నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఆలస్యంగా వచ్చారంటోంది. అప్పటికే ఊపిరి తీసేసుకుందట.”

“బావది ఆంధ్రా టైం,” అన్నాడు తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ. “తెనాలి నుంచి రావాలె గదా.”

ముసలామె చెయ్యెత్తి మమ్మల్ని ఆగమంది. లక్కగాజులు ఒకదానికొకటి తగిలాయి, ఎవరూ వాటిని ఆపమనలేదు. రెండో పాదం మొదలుపెట్టింది. నేను ఆమె పెదవులనే చూస్తున్నాను. మాట ముగిసే చోటు ఎక్కడుంటుందో వెతుకుతూ, ఈసారి ముందే ఊపిరి తీసుకుని సిద్ధంగా ఉన్నాను.